చిన్న కళాశాలలో విద్యార్థి సేవలు, ప్రాంగణ జీవనం: సుల్తానాబాద్ నేపథ్యంలో

ప్రస్తావన

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ బస్టాండులో పొద్దున తొమ్మిది గంటల వేళ కాసేపు నిలబడండి. గర్రెపల్లి, కనుకుల, సుద్దాల, కాట్నపల్లి, నీరుకుల్ల లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పల్లెవెలుగు బస్సులు, ఆటోలు వచ్చి ఆగుతుంటాయి. భుజాన సంచి, చేతిలో సద్ది డబ్బాతో పిల్లలు దిగుతారు. గంట గడిచేసరికి వాళ్లంతా కలిసి ఒక కళాశాల అవుతారు. సాయంత్రం నాలుగున్నరకు అదే బస్టాండులో ఆ కళాశాల మళ్లీ ఊళ్లుగా విడిపోతుంది. రాత్రిపూట అక్కడ కావలి మనిషి తప్ప ఎవరూ ఉండరు.

మనం ఈ పాఠంలో పరిశీలించబోయేది ఇలాంటి కళాశాలను. హాస్టల్ భవనాలు, ఆరోగ్య కేంద్రం, ఆటస్థలాలు, సలహా కేంద్రం ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంగణం మన మనసులో ఉండే బొమ్మ. అయితే మన రాష్ట్రంలో డిగ్రీ చదివే పల్లె పిల్లల్లో చాలామందికి తెలిసిన కళాశాల మండల కేంద్రంలోనో, చిన్న పట్టణంలోనో ఉన్న నాలుగైదు గదుల భవనమే. అక్కడ విద్యార్థి సేవలు ఎలా నడుస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆగినప్పుడు విద్యార్థి ఏం చేయవచ్చు అన్నవి ఈ పాఠంలోని ముఖ్యాంశాలు.

మీరు దూరవిద్య విద్యార్థులు. ప్రాంగణంతో మాకేం పని అని మీకు అనిపించవచ్చు. మీ అధ్యయన కేంద్రం సాధారణంగా ఇలాంటి కళాశాలలోనే ఉంటుంది. వారమంతా వాళ్లు కూర్చున్న బెంచీల మీదే ఆదివారం మీరు కూర్చుంటారు. వాళ్లను చదువు మధ్యలో ఆపే కారణాలే చాలావరకు మిమ్మల్నీ ఆపుతాయి. పాఠం చివరి భాగంలో మళ్లీ ఈ విషయానికి వద్దాం.

ముందుగా ఒక నిర్వచనం చెప్పుకుందాం. తరగతిలో చెప్పే పాఠం, హాలులో రాసే పరీక్ష ఈ రెండూ పోగా, విద్యార్థి తాను చేరిన కోర్సును పూర్తి చేయడానికి కళాశాల చేసి పెట్టే ప్రతి పనినీ విద్యార్థి సేవ అంటాం. ఉపకార వేతనం దరఖాస్తును ధ్రువీకరించడం, బోనఫైడ్ ఇవ్వడం, లైబ్రరీని తెరిచి ఉంచడం, అమ్మాయిల మరుగుదొడ్డిలో నీళ్లు వచ్చేట్టు చూడటం, వేధింపు జరిగితే ఫిర్యాదు తీసుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. నీళ్ల సంగతి పాఠ్యపుస్తకంలో రాయదగినదేనా అని కొందరు అనుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను, అమ్మాయిల హాజరును దానంతగా ప్రభావితం చేసిన అంశాలు నాకు ఎక్కువ కనిపించలేదు.

విద్యార్థి ఎవరు, ఎక్కడి నుంచి వస్తున్నాడు?

సుల్తానాబాద్ కరీంనగర్, పెద్దపల్లి పట్టణాల మధ్య రాజీవ్ రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరు చెప్పగానే ఈ ప్రాంతంలో ఎవరికైనా గుర్తొచ్చేవి రైసు మిల్లులు. చుట్టూ వరి పండే భూములు, ఆ వడ్లు పట్టే మిల్లులు, మిల్లుల చుట్టూ హమాలీ పనులు, లారీలు, దుకాణాలు. కళాశాల ఈ బతుకుల నడుమనే ఉంటుంది, అందువల్ల దాని హాజరు పట్టిక కూడా వరి పంటతోనే నడుస్తుంది. వానాకాలం కోతల రోజుల్లోనూ, యాసంగి కోతల రోజుల్లోనూ తరగతిలో మగపిల్లల బెంచీలు ఖాళీ అవుతాయి. నాట్ల రోజుల్లో కొందరు అమ్మాయిలు కైకిలికి పోతారు. ఇది బద్ధకం వల్ల వచ్చే గైర్హాజరు కాదని ఉపాధ్యాయులకు తెలుసు. రిజిస్టరులో మాత్రం రెండింటికీ ఒకటే గుర్తు.

ఈ పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన తొలి తరం వారు. ‘టీసీ’, ‘బ్యాక్‌లాగ్’, ‘క్రెడిట్లు’, ‘సెమిస్టర్ ఫీజు గడువు’ లాంటి మాటలకు ఇంట్లో అర్థం చెప్పేవాళ్లు ఉండరు. పట్నంలో చదువుకున్న తల్లిదండ్రుల పిల్లవాడు భోజనం చేస్తూ వినే విషయాలను ఈ పిల్లలు ఆఫీసు కిటికీ ముందు నిలబడి తెలుసుకోవాలి. కిటికీ వెనక ఉన్న మనిషి ఆ రోజు విసుగుతో ఉంటే, తెలుసుకోకుండానే వెనక్కి రావాలి.

ప్రయాణం కూడా ఒక పెద్ద అంశం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. పాసు డబ్బులు లేక ఇంటి దగ్గరే ఆగిపోయే అమ్మాయిలకు ఇది నేరుగా అందిన విద్యార్థి సేవ. ఇచ్చింది విద్యాశాఖ కాకపోయినా ఫలితం విద్యలో కనిపిస్తుంది. అయితే బస్సు టికెట్టు లేకపోవడం ఒక సమస్య, బస్సే లేకపోవడం ఇంకొక సమస్య. నాలుగున్నర బస్సు తప్పితే ఆరున్నర దాకా మరొకటి లేని ఊరి అమ్మాయి ఆఖరి పీరియడు వినదు. ఆ పీరియడులో ఏ పాఠం పెట్టామో దానిలో ఆమెకు మార్కులు తగ్గుతాయి. టైంటేబుల్ వేసే లెక్చరరు దగ్గర బస్సుల వేళల కాగితం కూడా ఉండాలని నేను ఎప్పుడూ అంటుండేవాణ్ణి.

చదువు మానేయడంపై రెండు సిద్ధాంతాలు

విద్యార్థులు మధ్యలో ఎందుకు మానేస్తారు అన్న ప్రశ్నకు అమెరికా సమాజశాస్త్రవేత్త విన్సెంట్ టింటో 1975లో ఒక సమాధానం ఇచ్చాడు. 1987లో వెలువడిన తన గ్రంథంలో దానిని విస్తరించాడు. ఆయన వాదన ప్రకారం విద్యార్థి కళాశాలతో రెండు రకాలుగా ముడిపడాలి. ఒకటి చదువు పరంగా, అంటే పాఠాలతో, అధ్యాపకులతో. రెండోది సామాజికంగా, అంటే స్నేహితులతో, సంఘాలతో, ప్రాంగణ జీవనంతో. ఈ రెండు ముడులూ వదులైనకొద్దీ మానేసే అవకాశం పెరుగుతుంది. తెలివి తక్కువై మానేస్తారన్న పాత అభిప్రాయాన్ని ఈ సిద్ధాంతం బలంగా ప్రశ్నించింది.

టింటో ఊహలో ఉన్నది ఎక్కువగా హాస్టల్లో ఉండి చదివే యువ విద్యార్థి. ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు, వయసు మళ్లాక చేరినవాళ్లు ఈ చట్రంలో సరిగ్గా ఇమడరు. 1985లో జాన్ బీన్, బార్బరా మెట్స్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లోటును ఎత్తిచూపారు. ఇటువంటి విద్యార్థుల విషయంలో ప్రాంగణ స్నేహాలకంటే బయటి పరిస్థితులు బలంగా పనిచేస్తాయని వారు వాదించారు. డబ్బు, పని గంటలు, ఇంటి బాధ్యతలు, ఇంట్లోవాళ్ల ప్రోత్సాహం ఇందులో ముఖ్యమైనవి.

సుల్తానాబాద్ బస్టాండును తలచుకుంటే ఈ రెండో వాదన మనకు దగ్గరగా అనిపిస్తుంది. నా అభిప్రాయం మాత్రం, రెండింటినీ కలిపి చదవాలని. బయటి ఒత్తిడి పిల్లవాణ్ణి లాగుతున్నప్పుడు అతన్ని పట్టి ఉంచేది కళాశాలలో ఎవరో ఒక మనిషితో ఉన్న ముడి. నేను పనిచేసిన ఒక కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థి కోతలకు పోయి నెల దాటినా రాలేదు. అతని పేరు తీసేద్దామన్న మాట కూడా వచ్చింది. ఫిజికల్ డైరెక్టరు ఆ అబ్బాయిని కబడ్డీ జట్టులో ఎరుగును కనుక ఫోను చేశాడు. ‘‘సార్, బాపుకు చేతగాలేదు. ట్రాక్టరు నేనే నడుపుతున్న. ఫీజు తారీకు పోయిందట కదా, ఇగ వచ్చి ఏం చేయాలె?’’ అన్నాడట. గడువు పోలేదు, అపరాధ రుసుముతో ఇంకా నాలుగు రోజులుంది. అతన్ని లాగింది ఇల్లు. వెనక్కి రానివ్వకుండా ఆపింది మాత్రం ఒక తప్పుడు సమాచారం. కబడ్డీ లేకపోతే ఆ ఫోను లేదు.

హాస్టళ్ల నుంచి మొదలైన చరిత్ర

విద్యార్థి సేవలు అనే మాట కొత్తదైనా ఆ పని తెలంగాణకు పాతదే. నిజాం కాలంలో పై చదువు కావాలంటే జిల్లాల పిల్లలు హైదరాబాద్ వెళ్లాల్సిందే. అక్కడ ఉండటానికి చోటు, తినడానికి తిండి దొరకడమే మొదటి పరీక్ష. తరవాతి కాలంలో హైదరాబాద్ కొత్వాలుగా పేరు పొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు ముఖ్యుడయ్యాడు. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసిన కాలంలో అది పడక, భోజనాలతో ఆగక గ్రంథాలయంగా, చర్చలకు చోటుగా ఎదిగింది. అయితే కులం పేరున వెలసిన వసతి గృహాలకు ఒక హద్దు ఉంటుంది. ఏ కులానికి డబ్బూ పలుకుబడీ లేవో ఆ కులపు పిల్లవాడికి గది దొరకదు. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాకనే ఆ ఖాళీ కొంత పూడింది.

హాస్టల్ కేవలం నివాసం కాదని 1938 నాటి వందేమాతరం ఉద్యమం చూపించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్ విద్యార్థులు తమ ప్రార్థనా స్థలంలో ఆ గీతం పాడటాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు, బహిష్కరణకు గురయ్యారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి ప్రవేశం ఇచ్చింది. అలా నాగపూర్ వెళ్లిన వారిలో అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ఒకరు. మనకు ఇక్కడ కావలసింది రాజకీయ చరిత్రకంటే ఒక చిన్న వివరం. ఒక సంస్థ తలుపు మూస్తే మరో సంస్థ తెరిచింది కాబట్టే ఆ విద్యార్థుల చదువులు సాగాయి. చేర్చుకోవడం, ధ్రువపత్రాలు అడ్డు రాకుండా చూడటం కూడా విద్యార్థి సేవలే. ఇప్పటికీ ఎక్కువ మంది చదువు దెబ్బతినేది అక్కడే.

ఆఫీసు కిటికీ

చిన్న కళాశాలలో అన్నిటికంటే ముఖ్యమైన సేవ ఆఫీసు గదిలో ఉంటుంది. తెలంగాణలో పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల దరఖాస్తు ఈ-పాస్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. దీనిలో రెండు భాగాలు ఉంటాయి. విద్యార్థులు ఆర్‌టీఎఫ్ అని పిలిచే బోధన రుసుము కళాశాల ఖాతాకు వెళుతుంది. ఎంటీఎఫ్ అని పిలిచే నిర్వహణ భత్యం విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. దరఖాస్తుకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతై ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. పై నుంచి చూస్తే ఇదంతా తేలికే. కింద ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పిల్లవాడు ఆగిపోతాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా ఉంటుంది. తండ్రి పేరున ఉన్న పాత ఆదాయ పత్రం గడువు తీరిపోయి ఉంటుంది. ఖాతా వాడకంలో లేక స్తంభించి ఉంటుంది. ఈ సవరణలకు తహసీలు, బ్యాంకు, ఆధార్ కేంద్రం చుట్టూ తిరగడానికి మూడు రోజుల కైకిలి పోతుంది.

ఆర్‌టీఎఫ్ ప్రభుత్వం నుంచి ఆలస్యంగా విడుదలైనప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ప్రైవేటు కళాశాల యాజమాన్యం జీతాలు ఇవ్వలేక, కోర్సు పూర్తయిన విద్యార్థినే ఆ డబ్బు కట్టమంటుంది. కట్టేదాకా మెమోలు, ధ్రువపత్రాలు ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. యాజమాన్యం ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ తన చేతిలో లేని బకాయికి విద్యార్థి తాకట్టు కావడం న్యాయం కాదు. మూలప్రతులను ప్రవేశ సమయంలో పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 అక్టోబరులో స్పష్టమైన ఆదేశం ఇచ్చింది.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగ విరమణకు ముందు ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. బీఈడీలో సీటు వచ్చింది, ఒరిజినల్ మెమోలు చదివిన కళాశాలలో ఉన్నాయి, ఫీజు బకాయి కట్టమంటున్నారు అని చెప్పింది. నేను ఆ కళాశాల వాళ్లకు ఫోను చేసి బతిమాలాను. రెండు రోజుల్లో ఇస్తామన్నారు. వారం అయింది. మళ్లీ బతిమాలాను. ఈలోగా రిపోర్టు చేయాల్సిన గడువు దాటిపోయింది. ఆ ఆదేశం గురించి పత్రికలో చదివి కూడా, దాని ఆధారంగా ఆమెతో ఒక లిఖితపూర్వక దరఖాస్తు రాయించాలని నాకు తోచలేదు. పరిచయంతో పని అవుతుందనుకున్నాను. ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్లీ ప్రవేశ పరీక్ష రాసింది. ఆ ఏడాది ఇంట్లో ఆమె ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు.

చిన్న కళాశాల బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. పెద్ద ప్రాంగణంలో ఒక్కో సేవకు ఒక్కో కార్యాలయం ఉంటుంది. ఇక్కడ ఒక్కో సేవకు ఒక్కో మనిషి ఉంటాడు, చాలాసార్లు నాలుగు సేవలకూ ఒకే మనిషి. ఆ మనిషి మంచివాడైతే విద్యార్థి పేరు, ఊరు, తండ్రి పేరు తెలిసి, గంటలో పని చేసి పెడతాడు. ఆయన బదిలీ అయితే ఆ సేవ కూడా బదిలీ అయిపోతుంది. హక్కుగా అందవలసింది దయగా అందడం అలవాటైతే, దయ లేని రోజున అడగడానికి విద్యార్థి దగ్గర ఏమీ మిగలదు. అందుకే మనిషిని నమ్మండి, కాగితం కూడా పెట్టండి అని నా విద్యార్థులకు ఆ తరవాత నుంచి చెబుతూ వచ్చాను.

నాలుగు రిజిస్టర్లు మోసే లెక్చరరు

నోటీసు బోర్డు మీద కమిటీల జాబితా చూడండి. ర్యాగింగ్ నిరోధక కమిటీ, మహిళా సాధికారత విభాగం, ఉపాధి మార్గదర్శక విభాగం, సాంస్కృతిక కమిటీ, ఎన్‌ఎస్‌ఎస్. పేర్లు వేరైనా కింద సంతకాలు చాలావరకు ఆ ఐదారుగురివే. ఇందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. ఉన్నదే అంతమంది.

వీటిలో నిజంగా విద్యార్థి సమాజాన్ని తయారుచేసేది ఎన్‌ఎస్‌ఎస్ అని నా నమ్మకం. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న ఈ పథకం 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. వాలంటీరు ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఆ ఏడు రోజులు బడి గదిలో పడుకొని, వంతులవారీగా వంట చేసుకొని, పొద్దున మోరీలు తీసి, సాయంత్రం సభ పెట్టుకున్న పిల్లలు తిరిగి వచ్చేసరికి వేరే మనుషులై ఉంటారు. సాయంత్రం బస్సుతో విడిపోయే కళాశాలకు కలిసి ఉండే రాత్రులు దొరికేది ఆ శిబిరంలోనే. కులాల పట్టింపులు వంటగదిలో బయటపడటం, అక్కడే కొంత కరగడం కూడా నేను చూశాను. పూర్తిగా కరుగుతాయని చెప్పను.

దసరా సెలవులకు ముందు కళాశాలలో ఆడే బతుకమ్మను కూడా ఇదే వరుసలో చెప్పుకోవాలి. తంగేడు, గునుగు, కట్లపూలు ఎవరి ఊరి నుంచి వాళ్లు తెస్తారు. మగపిల్లలు పొలం గట్ల మీద గునుగు కోసుకొస్తారు. అటెండరు బల్లలు పక్కకు జరుపుతాడు. ముఖ్య అతిథి కోసం రెండు గంటలు ఎదురుచూసే వార్షికోత్సవం కంటే ఇది వందరెట్లు నయం. మొదటి సంవత్సరం అమ్మాయికి తన సీనియర్ల పేర్లు ఆ రోజే తెలుస్తాయి. జనవరిలో పరీక్ష ఫీజు గడువు గురించి ఆమె అడిగేది ఆఫీసును కాదు, ఆ సీనియర్‌నే.

లైబ్రరీ గురించి ఒక మాట. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి చదువు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో సాగింది. హైదరాబాద్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయాలే ఆ తరం వారికి తెలుగు పుస్తకాన్ని అందించాయి. తరగతి ఇవ్వలేనిది గ్రంథాలయం ఇవ్వగలదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. మన చిన్న కళాశాలల్లో లైబ్రరీ ఉంటుంది, పుస్తకాలూ ఉంటాయి. అది తెరిచే వేళకు పిల్లలు తరగతిలో ఉంటారు, తరగతి అయ్యే వేళకు బస్సు వస్తుంది. వారానికి ఒక పీరియడు లైబ్రరీకని టైంటేబుల్లో పెడితే చాలు. పైసా ఖర్చు లేని ఈ సంస్కరణను అమలు చేయించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఫిర్యాదు చేయడం ఎందుకు కష్టం?

ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, తెలంగాణలోనూ అది కొనసాగుతోంది. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదు అందినా చర్య తీసుకోని ప్రిన్సిపాల్ ఆ నేరానికి సహకరించినట్టే లెక్క. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు చేసింది. 1800-180-5522 నంబరుకు ఏ వేళ అయినా ఫోను చేయవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో 2015 నాటి యూజీసీ నిబంధనల కింద ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా అధ్యాపకురాలు దానికి అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి, విద్యార్థులకు సంబంధించిన కేసు అయితే విద్యార్థి ప్రతినిధులూ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి.

నిబంధనలు బాగానే ఉన్నాయి. చిన్న కళాశాలలో కష్టం వేరే చోట ఉంది. ఇక్కడ అందరూ అందరికీ తెలుసు. ఎవరి మీద ఫిర్యాదో ఆయన కమిటీ సభ్యుడికి పదేళ్ల స్నేహితుడు. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఊరివాడే ఆఫీసులో అటెండరు. సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. ఇంట్లో తెలిస్తే మొదట ఆగేది ఆమె చదువే. ‘అందరం ఒక కుటుంబం’ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. కుటుంబంలో మాదిరిగానే ఇక్కడా విషయాలు కప్పిపుచ్చబడతాయి. బయటి సభ్యులు ఉండాలన్న నిబంధన ఎంత అవసరమో చిన్న కళాశాలను చూస్తేనే అర్థమవుతుంది.

ప్రవేశాలు, ఫీజులు, ధ్రువపత్రాలు, వివక్ష, ఉపకార వేతనాల ఆలస్యం వంటి సమస్యలకు 2023 ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. సంస్థలోని కమిటీ సాధారణంగా 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే విద్యార్థి 15 రోజుల్లో విశ్వవిద్యాలయ స్థాయి అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మార్కులు తక్కువ పడ్డాయి, మళ్లీ దిద్దండి అనే అర్జీలకు, నిర్దిష్టమైన అక్రమం జరిగి ఉంటే తప్ప, అక్కడ చోటు లేదు.

మనసు కుంగినప్పుడు మాట్లాడే మనిషి దొరకడం మరీ కష్టం. చిన్న కళాశాలలో శిక్షణ పొందిన సలహాదారు దాదాపు ఉండరు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలి మానస్ సేవ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఫలితాలు వచ్చే వారం ఈ నంబరు ప్రతి నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఇక మీ సంగతి

మన విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో ఇదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దీనికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి కరీంనగర్ జిల్లా బిడ్డ. పైన చెప్పిన నారాయణరెడ్డి కూడా 1985 నుంచి 1989 వరకు ఇక్కడ ఉపకులపతిగా పనిచేశారు. కళాశాల గేటు దాకా రాలేనివారి దగ్గరికి చదువును పంపాలన్న ఆలోచనను నిలబెట్టినవారిలో ఇద్దరు ఈ మట్టి మనుషులే కావడం నాకు సంతోషం కలిగించే విషయం.

దూరవిద్యను అధ్యయనం చేసిన మైఖేల్ మూర్ ఒక ఉపయోగకరమైన భావన ఇచ్చాడు. దూరవిద్యలో అసలు దూరం కిలోమీటర్లలో ఉండదని, విద్యార్థికి, బోధకుడికి మధ్య సంభాషణ తగ్గినకొద్దీ అది పెరుగుతుందని ఆయన అంటాడు. సుల్తానాబాద్‌లో మిల్లు గుమాస్తాగా పనిచేస్తూ బీఏ చదివే వ్యక్తికి అధ్యయన కేంద్రం పక్క వీధిలోనే ఉండవచ్చు. ఏడాదిలో ఒక్కసారి కూడా ప్రశ్న అడగకపోతే, మూర్ లెక్కలో ఆయన చాలా దూరంలో ఉన్నట్టే.

మీకు ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం ఉండదు, బతుకమ్మ పూటా ఉండదు. బీన్, మెట్స్‌నర్ చెప్పిన ఒత్తిళ్లన్నీ మాత్రం ఉంటాయి. ఆ కబడ్డీ పిల్లవాడికి వచ్చిన ఫోను మీకు ఎవరు చేస్తారు? ఆదివారం తరగతికి వచ్చేవారిలో మీ మండలం వాళ్లు నలుగురిని వెతుక్కోండి. ఫీజు గడువు, హాల్‌టికెట్టు, పరీక్షా కేంద్రం మార్పు లాంటి కబుర్లు ఆ నలుగురి మధ్య తిరుగుతుంటే చాలు. ఒకరు రెండు ఆదివారాలు రాకపోతే మిగతావాళ్లు ఫోను చేయాలన్న ఒప్పందం మొదటి రోజే చేసుకోండి.

ఇంకొక సంగతి మీలో చాలామందికి తెలియదు. పైన చెప్పిన 2015, 2023 నిబంధనలు రెండింటిలోనూ ‘విద్యార్థి’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో దూరవిద్యలో చదివేవారు కూడా ఉన్నారు. ఆదివారం తరగతిలోనో, పరీక్షా కేంద్రంలోనో మీకు వేధింపు ఎదురైతే, ధ్రువపత్రం కోసం నెలల తరబడి తిప్పితే, మీరు రెగ్యులర్ విద్యార్థి కాదు కదా అని ఎవరైనా పక్కకు నెడితే ఆ మాట చెల్లదు.

అభ్యాసం: ఈ వారం మీ అధ్యయన కేంద్రానికి వెళ్లినప్పుడు నోటీసు బోర్డు చదవండి. అంతర్గత ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలి పేరు, విద్యార్థి ఫిర్యాదుల కమిటీ వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు అక్కడ ఉన్నాయో లేదో రాసుకోండి. లేకపోతే వాటిని ప్రదర్శించమని కేంద్ర సమన్వయకర్తకు ఒక దరఖాస్తు రాయండి. అర పేజీ చాలు. పైన తేదీ, కింద మీ ప్రవేశ సంఖ్య ఉండాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకొని ఇంటికి తెచ్చుకోండి.